గొడుగు మచ్చ

ఆ ఏడాది కప్పలు అరవలేదు.

ముందు ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్నవాళ్ళు సంతోషించారు. మా వీధి నదికి పైన, వాలులో ఉంటుంది. ఎండలు మొదలయ్యాక ఒక్క వాన పడిందంటే చాలు, సాయంత్రం నుంచి కప్పల గోల. ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు పెంచాలి. ఆ ఏడు వాన పడింది. కిటికీలన్నీ తెరిచే ఉన్నాయి. గోల లేదు.

"హమ్మయ్య, ఇన్నాళ్ళకి మా ఆవిడ తిట్లు అక్షరం పోకుండా వినపడుతున్నాయి," అన్నాడు సెలూన్ ఆయన.

ఆయన్ని వీధంతా రేడియో అంటారు. నన్ను మూగాయన అనేవారు. మూగవాణ్ణి కాను. ఆయన మాటలు ఇద్దరికీ సరిపోతాయి కదా అని నావి మిగుల్చుకునేవాణ్ణి.

"కప్పలన్నీ ఏమైపోయాయంటావు?" అని ఎవరో అడిగారు.

"అవి అరిచేది పెళ్ళాల కోసమట. ఈ ఏడు వాటికి తెలివొచ్చినట్టుంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వానని చెప్పుకోవాలి.

నా పని నీళ్ళ తొట్టి కాపలా. నది నీళ్ళు ఎగువ నుంచి కాలువలో వచ్చి, ఇసుక, గులకరాళ్ళు పోసిన మడుగులో వడకట్టుకుని మా వీధి చివరనున్న రాతి తొట్టిలోకి వస్తాయి. నలభై రెండు ఇళ్ళవాళ్ళు అక్కడే పట్టుకుంటారు. తొట్టికి ఒక పక్క రాయి బదులు మందపాటి అద్దం బిగించి ఉంటుంది, చిన్న కిటికీ అంత. ఆ అద్దం వెనక మూడు నీటిబల్లులు.

ఈ మాట చెబితే బయటివాళ్ళు ముఖం చిట్లిస్తారు. తాగే నీళ్ళల్లో బల్లి ఏంటని. అది పేరుకు బల్లి, జాతికి కప్పల చుట్టం. చదువుకున్నవాళ్ళు సాలమాండర్ అంటారు. జానెడు పొడుగు, నాలుగు కాళ్ళు, తోక. పొలుసులుండవు, తడితోలు. వీపు బురద రంగు. పొట్ట మాత్రం పండిన నారింజలా ఉంటుంది, దాని మీద నల్లమచ్చలు. అద్దాన్ని పట్టుకుని నిలబడితే ఆ పొట్ట మనకి కనపడుతుంది.

నాకు ముందు ఈ పని చేసిన ముసలాయన నాకు మూడే మాటలు నేర్పాడు. ఇసుక కడుగు. అద్దం తుడువు. బల్లి చస్తే తొట్టి మూసెయ్. ఎందుకని అడిగాను. అప్పుడు నాకు కుర్రతనం. "మనం నోటితో తాగుతాం. అది చర్మంతో తాగుతుంది. నీళ్ళల్లో ఏదైనా ఉంటే ముందు దానికి తెలుస్తుంది, తర్వాత మనకి. దానికి తెలిసిన రోజే మనం తెలుసుకోవాలి," అన్నాడు.

అందుకని సోమవారం సోమవారం లెక్క ఉండేది. పొద్దున్నే బిందెలతో బకెట్లతో అందరూ నిలబడేవారు. నేను అద్దం తుడిచి, వంగి చూసి, "మూడు" అని గట్టిగా చెప్పాలి. అప్పుడు కుళాయి తిప్పాలి. వారానికొకసారి నా గొంతు వీధికి వినపడేది అప్పుడే.

"మూగాయన నోటి ముత్యం రాలింది, ఇక తాగండి," అనేవాడు రేడియో.

మా ఇంట్లో ముగ్గురం. నేను, మా అబ్బాయి, కోడలు. కోడలు కుట్టుపని చేసేది. చొక్కా కాలర్లు, పిల్లల గౌన్లు. గుడ్డ కొలత టేపుతో కాదు, కంటితో తీస్తుంది. మనిషి వీధిలో నడిచి వెళ్తుంటే, ఎడమ భుజం అర అంగుళం దిగిందని చెప్పగలదు. నీటిబల్లులకి పేర్లు పెట్టింది ఆమే. పొట్ట మీద మచ్చల్ని బట్టి ఒకటి తాళంచెవి, ఒకటి మూడుచుక్కలు, ఒకటి గొడుగు. గొడుగు అన్నిటికన్నా పెద్దది. తొట్టిలో పదిహేడేళ్ళ నుంచి ఉంది. నిజంగానే దాని పొట్ట మీద తెరిచిన గొడుగు, కింద వంకర పిడి.

"ఏ రెండింటి మచ్చలూ ఒకటి కావు, చూశారా మామయ్యగారూ. దేవుడి దగ్గర ఎన్ని అచ్చుకాగితాలున్నాయో," అనేది.

ఆ వేసవికి ఆమెకి అయిదో నెల. అంతకు రెండేళ్ళ ముందు కూడా అయిదో నెలే. ఆ సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అప్పుడు ఇసుక మార్చాల్సి వచ్చి వారం రోజులు తొట్టి మూశాను. మూస్తే అందరూ కిందున్న బోరు పంపుకి దిగాలి. నూట పన్నెండు మెట్లు. మా ఇంటి నీళ్ళు నేనే మోశాను. ఒకరోజు నేను మడుగులో నడుము లోతు ఇసుకలో ఉన్నప్పుడు, నా కోసమే, నేను వచ్చి స్నానం చెయ్యాలని, ఒక్క బిందె కదా అని ఆమె దిగింది. ఎక్కుతుంటే డెబ్బయ్యో మెట్టు దగ్గర కూర్చుండిపోయింది. పిల్ల నిలవలేదు.

తొట్టి మూసింది నేనే కదా.

ఈసారి ఆమె పొత్తిగుడ్డలు కుట్టడం మొదలుపెట్టింది. చిన్న బొంత. నారింజ రంగు గుడ్డ మీద నల్ల గుడ్డ ముక్కలు అతికి, మూడు బల్లుల పొట్టలు. పల్చటి కాగితం అద్దానికి ఆనించి పెన్సిల్‌తో మచ్చల చుట్టూ గీసుకునేది. మిగతా రెండూ జారిపోయేవి. గొడుగు మాత్రం ఫోటో తీయించుకుంటున్నట్టు కదలకుండా నిలబడేది.

మా అబ్బాయి రెండేళ్ళు పనీపాటా లేకుండా తిరిగి, ఆ వసంతంలోనే నదికి ఎగువన కొత్తగా తెరిచిన తోళ్ళ కార్ఖానాలో చేరాడు. అక్కడ పెద్ద పెద్ద చెక్క పీపాల్లో తోళ్ళు వేసి, ఏదో నీలం పొడి కలిపి తిప్పుతారు. షిఫ్టు అయ్యాక పీపా అడుగున బిరడా లాగడం మావాడి పని. ఇంటికొస్తే గోళ్ళు నీలంగా ఉండేవి.

"ఏంట్రా ఆ గోళ్ళు?" అన్నాను ఒకరోజు భోజనం దగ్గర.

"రంగు నాన్నా. సబ్బుకి పోదు. మా మేస్త్రీకైతే మోచేతుల దాకా ఉంది."

"పిల్ల పుట్టాక ఆ చేతుల్తో ఎత్తుకోకు, ముందే చెప్తున్నా," అంది కోడలు. "పిల్లకి నీలం అంటుకుంటుంది."

"అంటుకోనీ. తప్పిపోయినా సులువుగా దొరుకుతుంది. నీలం పిల్ల ఎవరిదంటే మాదే అంటాం."

"సిగ్గులేకపోతే సరి."

"ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయి?" అన్నాను.

"ఏ నీళ్ళు?"

"పీపాల్లోవి."

"నదిలోకి. ఇంకెక్కడికి? నేనూ అడిగాలే. నదంత నదిలో ఇదెంతరా అన్నాడు మేస్త్రీ."

నేను పళ్ళెం ఎత్తుకుని లేచాను.

అది జరిగిన పది రోజులకి, ఒక మంగళవారం పొద్దున, తొట్టి మూత తీసేసరికి గొడుగు వెల్లకిలా పడి ఉంది. నీళ్ళ అడుగున, పొట్ట పైకి. గొడుగు తెరిచే ఉంది. చేతిలోకి తీసుకున్నాను. తోలు జిగటగా చేతికి అంటుకుంది. అలా ఉండదు అది. పదిహేడేళ్ళలో ఎప్పుడూ లేదు.

తొట్టి పక్కన సామాన్ల కొట్లోకి వెళ్ళి ఎర్ర బోర్డు తీశాను. 'నీళ్ళు వాడరాదు' అని ఉంటుంది దాని మీద. దుమ్ము పట్టి ఉంది. చొక్కాతో తుడిచాను. బోర్డు తగిలిస్తే నీళ్ళ ఆఫీసుకి కబురు చెప్పాలి. ఆఫీసువాళ్ళు నది వెంబడి పైకి వెళ్తారు. పైన ఉన్నది ఒక్కటే కార్ఖానా.

బోర్డు చంకలో పెట్టుకుని తొట్టి దాకా వచ్చాను. మావాడు పనికి వెళ్తూ ఆగాడు. ఈల వేసుకుంటున్నాడు. వాడి ఈల విని ఎన్నాళ్ళయిందో.

"ఏం నాన్నా, బోర్డుకి స్నానమా?"

"ఊఁ."

"నేను చెప్పానా నీకు? వచ్చే నెల నుంచి పర్మనెంటు చేస్తానన్నాడు మేస్త్రీ. నీ కోడలికింకా చెప్పకు. నేనే చెప్తా." రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "దాన్ని మెట్లు దిగనివ్వకు నాన్నా. నీకో దణ్ణం."

వాడు మలుపు తిరిగేదాకా చూశాను. తర్వాత బోర్డు తీసుకెళ్ళి కొట్లో పెట్టేశాను.

ఎండకే చచ్చిందనుకున్నాను. ముసలిది కదా అనుకున్నాను. ఒకటే కదా, మిగతా రెండూ బాగానే ఉన్నాయి కదా అనుకున్నాను. మనిషి అనుకోవడం మొదలుపెడితే మాటలకి కొదవ ఉండదు, నాలాంటివాడికైనా.

గొడుగుని ఇసుక కుప్ప పక్కన పాతిపెట్టాను. గుట్ట దాటి వెళ్తే రాళ్ళ మధ్య చిన్న ఊట ఉంది. నదితో దానికి సంబంధం లేదు. నాచురాళ్ళు ఎత్తి చూస్తే నీటిబల్లులు దొరుకుతాయి. ఒకదాన్ని పట్టి, గాజు సీసాలో వేసుకుని, సంచిలో దాచుకుని తెచ్చాను. తొట్టిలో వదిలాను. అది నీళ్ళ అడుగుకి పోయి, కాసేపు కదలకుండా ఉండి, తర్వాత అద్దం ఎక్కింది. దాని మచ్చ దేనిలాగా లేదు.

మర్నాడు పొద్దున్నే కోడలు వచ్చింది. నేను బిందె కుళాయి కింద పెట్టాను. ఆమె అద్దం ముందు వంగింది.

"మామయ్యగారూ, గొడుగు ఏదీ?"

"ఉంది."

"ఏదీ, ఇదా? ఇది గొడుగులా లేదే. ఎవరో తొక్కేసిన చెప్పులా ఉంది."

"చర్మం మార్చింది."

"చర్మం మారిస్తే మచ్చలు కూడా మారతాయా?"

"మారతాయి."

ఆమె తల పైకెత్తి నా ముఖంలోకి చూసింది. నవ్వింది. "ఇవాళ మీరు నాలుగు మాటలు మాట్లాడారు. వాన పడి తీరుతుంది. అచ్చుకాగితం నా దగ్గరుంది కాబట్టి సరిపోయింది. లేకపోతే పిల్లకి చెప్పు బొంత కుట్టాల్సి వచ్చేది."

బిందె నిండింది. ఆమెని ముట్టుకోనివ్వలేదు. నేనే భుజానికెత్తుకుని, చుక్క తొణక్కుండా ఇంటిదాకా మోశాను.

కొత్తది ఆరు రోజులు బతికింది. సోమవారం లెక్క దాటింది. తర్వాతది తొమ్మిది రోజులు. ఆ తర్వాత తాళంచెవి పోయింది. ఆ వెనకే మూడుచుక్కలు. నేను గుట్ట దాటి వెళ్ళొస్తూనే ఉన్నాను. ఊట దగ్గర రాళ్ళన్నీ నాకు గుర్తయిపోయాయి. చీకటి విడకముందే వెళ్ళి, వీధి లేవకముందే వచ్చేసేవాణ్ణి. ప్రతి సోమవారం అద్దం తుడిచి, వంగి చూసి, "మూడు" అనేవాణ్ణి. అబద్ధం కాదు. మూడే ఉండేవి.

"ముత్యం రాలింది. పట్టుకోండర్రా," అనేవాడు రేడియో.

నది ఒడ్డున కప్పలు కనపడ్డాయి అప్పుడు. అరవని కప్పలు. కాళ్ళు చాపుకుని, బురదలో, రెల్లు మొదళ్ళలో. గుడ్ల గుత్తులు పల్చగా, అద్దాల్లా ఉండాలి. తెల్లగా పాలు విరిగినట్టు ఉన్నాయి. మడుగులోకి నీళ్ళు వచ్చే మూతి దగ్గర జాలీకి కొట్టుకొచ్చేవి. పారతో ఎత్తి గుంట తీసి పూడ్చేవాణ్ణి. ఆ పని నా పనిలో లేదు. ఎవరి కంటా పడకూడదని చేశాను.

ఒకరోజు ఇస్త్రీ దుకాణం ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. మణికట్టు దాకా ఎర్రగా కందిపోయాయి.

"అన్నయ్యా, నీళ్ళు బాగానే ఉన్నాయంటావా? చేతులు ఒకటే మంట."

"సోమవారం చూశావుగా."

"చూశాలే. మూడూ హాయిగా ఉన్నాయి, వాటికేం రాజభోగం. మరైతే సబ్బు మార్చాలేమో."

సబ్బు మార్చింది. ఆ తర్వాత మళ్ళీ మార్చింది.

కోడలికి ఏడో నెల వచ్చేసరికి కాళ్ళు వాచాయి. తిన్నది నిలిచేది కాదు. మిషన్ దగ్గర కూర్చోలేక మంచం మీదే కూర్చుని చేత్తో కుట్టేది. నీళ్ళ తొట్టి దాకా రావడం మానేసింది. అందుకని మిగతా రెండూ మారిన సంగతి ఆమెకి తెలియదు. నర్సమ్మ వచ్చి నాడి చూసి, కడుపు మీద చెవి ఆనించి విని, చేతులు కడుక్కుంటూ చెప్పింది.

"ఎండలు మండిపోతున్నాయి. ఒంట్లో నీరు ఉండాలి. పెద్దాయనా, మీరు ఇంటి దగ్గరే ఉంటారు కదా, దగ్గరుండి తాగించండి. గంటకో గ్లాసు."

గంటకో గ్లాసు. నేనే ఇచ్చాను. కాచి చల్లార్చి ఇచ్చాను. ఆమె వద్దంటే బతిమాలాను.

"ఇన్ని నీళ్ళు తాగితే పిల్ల కప్పలా ఈదుకుంటూ బయటికొస్తుంది మామయ్యగారూ."

"తాగమ్మా."

తాగేది. నేనూ అవే తాగాను. మావాడూ అవే తాగాడు. మాకేం కాలేదు.

ఎనిమిదో నెలలో, ఒక పొద్దున, నేను ఊట దగ్గర నుంచి వచ్చేసరికి ఇస్త్రీ ఆవిడ మా గుమ్మంలో ఉంది. సంచిలో సీసా, సీసాలో బల్లి. అలాగే నిలబడ్డాను. నర్సమ్మ లోపలుంది. రేడియో షాపుకి తాళం కూడా వెయ్యకుండా మావాడి కోసం కార్ఖానాకి పరుగెత్తాడు. నన్ను ఎవరో బయట బల్ల మీద కూర్చోబెట్టారు. సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మధ్యాహ్నమైంది. లోపల్నుంచి ఏడుపు వినపడింది. పిల్ల ఏడుపు కాదు.

మావాడు లోపలికి వెళ్ళి, కాసేపటికి బయటికొచ్చి, గోడకి ఆనుకుని తన చేతుల్ని చూసుకుంటూ నిలబడ్డాడు. నేను పిల్లని చూడలేదు. చూశానని చెప్పను. ఆడపిల్ల అని నర్సమ్మ చెప్పింది. బొంతలో చుట్టి ఇచ్చారు. బొంత పూర్తి కాలేదు. గొడుగు ఒక్కటే అయింది.

"ఇలా ఒక్కోసారి జరుగుతుంది," అంది నర్సమ్మ వెళ్తూ. "ఎందుకని అడిగితే చెప్పలేం. మీరు మాత్రం లోటు చెయ్యలేదు పెద్దాయనా. కన్నతండ్రి కూడా ఇంత చెయ్యడు."

సాయంత్రం సీసాలో బల్లిని తొట్టిలో వదిలాను. మర్నాడు సోమవారం.

రెండు వారాలు కోడలు గది దాటి రాలేదు. నేను గ్లాసుతో వెళ్తే గోడ వైపు తిరిగేది. నేను గ్లాసు అక్కడ పెట్టి వచ్చేవాణ్ణి.

పదిహేనో రోజు పొద్దున, అదీ సోమవారమే, ఇంకా ఎవరూ రాలేదు. నేను అద్దం తుడుస్తున్నాను. వెనక చెప్పుల చప్పుడయింది. కోడలు. బిందె లేదు. చేతిలో మడత పెట్టిన కాగితం. పల్చటిది, పెన్సిల్ గీతలున్నది.

కాగితాన్ని మడత విప్పి అద్దానికి ఆనించింది. ఒక బల్లి పొట్ట పక్కన పెట్టి చూసింది. అది కదిలితే కాగితాన్నీ కదిపింది. తర్వాత రెండో బల్లి. తర్వాత మూడోది. తొందరేం లేదు. కాలర్ కత్తిరించే ముందు గుడ్డని ఎలా చూస్తుందో అలాగే చూసింది. చూడటం అయ్యాక కాగితం మడతపెట్టుకుంది.

"మామయ్యగారూ."

"ఊఁ."

"చర్మం మారిస్తే మచ్చలు మారతాయా?"

తుడుపుగుడ్డ నా చేతిలోనే ఉంది. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"మారవు," అన్నాను.

"ఎన్ని?"

"పద్నాలుగు."

ఆమె తలూపింది. నేను నీళ్ళ లెక్కో, బొత్తాల లెక్కో చెప్పినట్టు. కొట్లోకి నడిచింది. ఎర్ర బోర్డు తెచ్చింది. బరువైన బోర్డు అది, రేకు. మేకు ఎత్తుగా ఉంది, అందలేదు. నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. మునివేళ్ళ మీద లేచి, రెండుసార్లు జారితే మూడోసారికి తగిలించింది. తగిలించి పక్కకి జరిగి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. అలవాటు.

బకెట్లు వచ్చాయి. బిందెలు వచ్చాయి. అందరూ బోర్డు చూసి ఆగిపోయారు.

"ఏమైందమ్మా?" అన్నాడు రేడియో, ఆమె ముఖం చూసి గొంతు తగ్గించి.

"బల్లి చచ్చింది."

"మూడూ ఉన్నాయిగా అద్దంలో?"

"గొడుగు చచ్చింది."

"ఎప్పుడు?" అంది ఇస్త్రీ ఆవిడ.

కోడలు నా వైపు చూసింది. అందరూ నా వైపు చూశారు. సోమవారం లెక్క కోసం చూసినట్టే చూశారు.

"వేసవి మొదట్లో," అన్నాను.

ఎవరూ కేకలెయ్యలేదు. కొట్టినా బాగుండేది. ఇస్త్రీ ఆవిడ తన చేతులు ఒకసారి చూసుకుంది, బకెట్టు తీసుకుని మెట్ల వైపు నడిచింది. ఆమె వెనక మిగతావాళ్ళు. ఖాళీ బిందెలు మెట్లకి తగిలి మోగుతూ కిందికి దిగిపోయాయి. ఆఖరికి రేడియో ఒక్కడు మిగిలాడు. నోరు తెరిచాడు. ఏమీ అనకుండా మూసుకుని తనూ దిగిపోయాడు. ఆయన మాట్లాడకపోవడం నేను చూసింది అదొక్కసారే.

ఆఫీసువాళ్ళు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకెళ్ళారు. ఈ నీళ్ళు మనుషులకి పనికిరావని కాగితం పంపారు. పిల్ల నీళ్ళ వల్ల పోయిందని ఎవరూ అనలేదు. కాదని కూడా అనలేదు. కార్ఖానా మూశారు. పందొమ్మిది రోజులు. ఇరవయ్యో రోజు పెద్ద గొట్టం వేసి, నీలం నీళ్ళని ఊరు దాటించి దిగువన వదలడం మొదలుపెట్టారు. పనివాళ్ళందర్నీ పిలిచారు. మావాణ్ణీ పిలిచారు.

పందొమ్మిది రోజులు. వాడి ఉద్యోగంలో నేను కాపాడింది అంతే.

మావాడు పనికి వెళ్ళేరోజు గుమ్మంలో ఆగాడు. ఈల లేదు.

"నాన్నా, నా కోసమా?"

"కాదు," అన్నాను.

ఆ వేసవిలో నేను నోరు విప్పి చెప్పిన అబద్ధాలు రెండు. మొదటిది, మచ్చల మాట, నా ప్రాణమిచ్చి వెనక్కి తీసుకుంటాను. ఈ రెండోది తీసుకోను. ఇది వాడు చదవడు. చదివే అలవాటు లేదు వాడికి.

తొట్టి పని నా నుంచి తీసేశారు. తియ్యకపోయినా నేను చెయ్యను. వీధిలో నన్ను మూగాయన అనడం మానేశారు. 'మూడు' అంటారు ఇప్పుడు. మూడు వస్తున్నాడు, మూడు వెళ్తున్నాడు. ఆ పేరు ఎందుకొచ్చిందో తెలియని పిల్లలు కూడా అంటారు. పిలిస్తే పలుకుతాను.

మా ఇంట్లో మళ్ళీ ఉయ్యాల కట్టలేదు. కోడలు నాకు వేళకి అన్నీ చూస్తుంది. బట్టలు ఉతుకుతుంది, చిరిగితే కుడుతుంది. నీళ్ళు మాత్రం నన్నే తెచ్చుకోమంటుంది. అనదు. నా గ్లాసు ఖాళీగా బోర్లించి పెడుతుంది. నేను అర్థం చేసుకుంటాను.

మడుగులో ఇసుక మళ్ళీ మళ్ళీ కడిగించారు. ఏడెనిమిదేళ్ళకి ఆఫీసువాళ్ళు తొట్టి తిరిగి తెరిచారు. ఊట దగ్గర నుంచి మూడు బల్లుల్ని తెచ్చి వేశారు. కాపలాకి కొత్తవాణ్ణి పెట్టారు. పక్క ఊరివాడు, పెళ్ళయినవాడు, కలుపుగోలు మనిషి. పని చెప్పమని మొన్న మా ఇంటికొచ్చాడు. కోడలు కిటికీ దగ్గర మిషన్ కుడుతోంది. నేను బల్ల మీద ఉన్నాను. వాడు గడపలో కూర్చున్నాడు.

"మీరు చేసినంత కాలం ఎవరూ చెయ్యలేదట కదా పెద్దాయనా. రెండు ముక్కలు చెప్పండి."

"ఇసుక కడుగు," అన్నాను. "అద్దం తుడువు. బల్లి చస్తే తొట్టి మూసెయ్."

"అంతేనా?"

"అంతే."

వాడు నవ్వాడు. మంచివాడే. మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు. "అది సరేగానీ పెద్దాయనా, ఒకటి చస్తే ఇంకోటి తెచ్చి వేసేస్తే ఎవడికి తెలుస్తుంది? అన్నీ ఒకలాగే ఉంటాయి."

మిషన్ ఆగింది.

కోడలు తల ఎత్తలేదు. సూది కింద గుడ్డ అలాగే ఉంది. కాస్త వంగి, పళ్ళతో దారం తెంపింది.

"మచ్చలు మారవు," అంది. "కాగితం మీద గీసుకో."

మిషన్ మళ్ళీ నడిచింది.